ఆ స్కెచ్‌లో 31 ఎక్కడుంది?

ఏడేళ్ల కిందట నేను గీసిన మోటార్ ప్లేటు ఫైలు మొన్న మళ్లీ తెరిచాను. బాలానగర్‌లో మేం స్పెషల్ పర్పస్ మెషీన్లు చేస్తాం. కన్వేయర్ పక్కన నిలబడి లేబుల్ అంటించే ఒక చిన్న యూనిట్‌లో స్టెప్పర్ మోటార్‌ని పట్టుకునే ప్లేటు అది. నాలుగు మూలల అల్యూమినియం ప్లేటు, మధ్యలో ఒక పెద్ద హోలు, దాని చుట్టూ నాలుగు చిన్న హోల్స్, కింద ప్రొఫైల్‌కి (ఫ్రేముగా వాడే గాడుల కడ్డీకి) బిగించడానికి ఇంకో రెండు. అంతే. స్కెచ్‌లో ప్రతి గీతా నల్లగా ఉంది. మేం గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్ సాలిడ్‌వర్క్స్‌లో నలుపంటే పూర్తిగా కట్టుబడిందని అర్థం. మౌస్‌తో పట్టి లాగినా ఏదీ కదలదు. అయినా అది తప్పు స్కెచ్. ఆ సంగతి అప్పట్లో 24 ప్లేట్లు పాడయ్యాక తెలిసింది. ఎందుకు తప్పో నాకు నేను సరిగ్గా చెప్పుకోగలగడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది.

స్కెచ్ నల్లబడితే, ఫ్రీక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అయితే ఆకుపచ్చగా మారితే, పని అయిపోయిందనుకుంటాం. మనకి నేర్పిందీ అదే. కానీ ఆ రంగు చెప్పేది ఒక్క కూడిక-తీసివేత లెక్క మాత్రమే. ఆ భాగం ఏ పని కోసం పుట్టిందో, రేపు ఒక కొలత మారితే ఏది దానితో కదలాలో, ఏది కదలకూడదో ఆ రంగు చెప్పదు. అది కన్‌స్ట్రెయింట్లు, అంటే గీతల్ని కట్టిపెట్టే షరతులు, పెట్టేవాడు చెప్పాలి. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్ల మన షాపుల్లో ఎంత మెటీరియల్, ఎంత మంది శ్రమ వృథా అవుతోందో చూస్తుంటే బాధేస్తుంది.

ముందు ఆ ప్లేటు సంగతి. స్టెప్పర్ మోటార్లకి నెమా అనే అమెరికన్ ప్రమాణం ప్రకారం సైజులుంటాయి. నెమా 17 అంటే మోటార్ ముఖం సుమారు 1.7 అంగుళాలు. మిల్లీమీటర్లలో మార్కెట్లో దొరికేది 42.3. దాని నాలుగు స్క్రూ హోల్స్ మధ్య దూరం 31 మి.మీ. ముందు భాగంలో షాఫ్ట్ చుట్టూ 22 మి.మీ. గుండ్రటి ఎత్తు ఒకటి ఉంటుంది, అదే బాస్. ప్లేటు మధ్యలో పెద్ద హోలు ఆ బాస్ కూర్చోవడానికే. మోటార్ సెంటర్ పట్టేది బాస్, తిరక్కుండా పట్టేది స్క్రూలు.

నేనేం చేశానంటే, డ్రాయింగ్ బోర్డు మీద గీసినట్టు గీశాను. ప్లేటు వెడల్పు 60. ఎడమ అంచు నుంచి మొదటి హోలు 14.5. రెండో హోలు అదే అంచు నుంచి 45.5. మధ్య హోలు 30. ఎత్తులూ అంతే: కింది అంచు నుంచి 29.5, 60.5, మధ్యది 45. పక్కపక్క హోల్స్‌కి హారిజాంటల్, మీదా కిందా ఉన్నవాటికి వర్టికల్. గీతలన్నీ నల్లబడ్డాయి, సంతోషించాను.

తర్వాత మోటార్‌కి బలం చాలడం లేదన్నారు, నెమా 23 వేయమన్నారు. దాని హోల్స్ దూరం 47.14, బాస్ 38.1. ప్లేటు వెడల్పు 80 చేశాను. కాలిక్యులేటర్ తీసి లెక్క కట్టాను. 80లో సగం 40, అందులోంచి 23.57 తీస్తే 16.43, కలిపితే 63.57. ఎత్తుల్లో 21.43, 68.57. అన్నీ ఒక్కొక్కటిగా టైపు చేశాను. ఆ విడత సరిగానే వచ్చింది. దాంతో ధైర్యం వచ్చింది.

మూడోసారి వచ్చిన మార్పు చాలా చిన్నది. బెల్టు ఎత్తు రెండు మిల్లీమీటర్లు పెరగాలి, అంటే షాఫ్ట్ 45 నుంచి 47కి రావాలి. 21.43ని 23.43 చేశాను, 68.57ని 70.57 చేశాను. మధ్య హోలు 45 దగ్గరే ఉండిపోయింది. 80 మి.మీ. ప్లేటులో రెండు మిల్లీమీటర్ల తేడా స్క్రీన్ మీద కంటికి ఆనలేదు. స్కెచ్ నల్లగానే ఉంది, ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. డీఎక్స్‌ఎఫ్ ఫైలు తీసి లేజర్ కటింగ్‌కి పంపాను. 24 ప్లేట్లు, 6 మి.మీ. మందం.

మా ఫిట్టర్ మొదటి మోటార్ పెట్టి చూశాడు. బాస్ దిగలేదు. ఇంకో ప్లేటు తీశాడు, అదీ అంతే. నా దగ్గరికొచ్చి, "సార్, డ్రాయింగే ఇట్లున్నదా?" అనడిగాడు. అడిగిన తీరులో నింద లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. డెలివరీ మర్నాడే. ఆ రాత్రి అతనూ ఇంకో కుర్రాడూ కూర్చుని అరగుండ్రటి ఆకురాయితో మధ్య హోల్స్ పైకి రెండేసి మిల్లీమీటర్లు రాకారు. గుండ్రంగా ఉండాల్సిన హోలు కోడిగుడ్డులా తయారైంది. బాస్ సెంటర్ పట్టే పని పోయి, ఆ భారమంతా స్క్రూల మీద పడింది. తెల్లారేసరికి వాళ్ల అరచేతులు ఎలా ఉన్నాయో చూశాను. ఆ తప్పు వాళ్లది కాదు.

చాలా రోజులు దాన్ని 'నా అజాగ్రత్త' అనుకున్నాను. ఒక కొలత మార్చడం మరిచాను, ఇంకోసారి జాగ్రత్తగా ఉండాలి, అంతే అనుకున్నాను. అసలు విషయం అది కాదు. ఆ మొదటి స్కెచ్‌లోకి తిరిగి వెళ్లి చూడండి. 14.5 ఉంది, 45.5 ఉంది, 30 ఉంది. 31 ఎక్కడుంది? ఎక్కడా లేదు. మోటార్ తయారుచేసినవాడు ప్రపంచమంతటికీ ఇచ్చిన ఒకే ఒక్క ముఖ్యమైన కొలత ఆ స్కెచ్‌లో లేదు. నా బుర్రలో ఉంది, కాలిక్యులేటర్‌లో కాసేపు ఉంది, తీసివేతలో కరిగిపోయింది. బాస్ హోలు, స్క్రూ హోల్స్ ఒకే సెంటర్ చుట్టూ ఉండాలన్న సంగతీ స్కెచ్‌కి తెలియదు. తెలియని సంగతిని అది ఎలా కాపాడుతుంది?

ఆ నలుపు వెనక ఉన్న లెక్క చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. కాగితం మీద ఒక బిందువు రెండు రకాలుగా కదలగలదు, అడ్డంగా, నిలువుగా. ఒక గీతకి రెండు కొనలు కాబట్టి నాలుగు. నాలుగు గీతలు విడివిడిగా గీస్తే 16. నాలుగు మూలల దగ్గర కొనలు కలిపితే, మూలకి రెండు చొప్పున 8 పోతాయి. రెండు గీతలు అడ్డం, రెండు నిలువు అంటే ఇంకో 4. పొడవు, వెడల్పు ఇస్తే 2. మిగిలిన 2 దీర్ఘచతురస్రం మొత్తం ఎక్కడుందనే దాని గురించి. ఒక మూలని ఆరిజిన్‌కి, అంటే స్కెచ్‌లో కదలని సున్నా బిందువుకి, కలిపితే అవీ పోయి సున్నా వస్తుంది. అలాగే ఆ ఆఖరి రెండింటిని వేరేగా కూడా తీసెయ్యొచ్చు: ఎదురెదురు మూలలు రెండూ ఆరిజిన్‌కి చెరోపక్క సమానంగా ఉండాలని సిమెట్రిక్ పెడితే సరి. అప్పుడూ సున్నానే. రెండూ నల్లబడతాయి. కానీ వెడల్పు మార్చినప్పుడు మొదటిది ఒక పక్కకే పెరుగుతుంది, రెండోది రెండు పక్కలా సమానంగా పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్‌కి రెండూ ఒకటే. ప్లేటుకి ఒకటి కావు.

ఇల్లు కట్టేటప్పుడు ద్వారబంధం నిలబెట్టడం చూసినవాళ్లకి ఈ లెక్క చేతికి తెలిసిన సంగతే. రెండు నిలువులు, పైన ఒక అడ్డం, కింద గడప. నాలుగూ బిగించినా చట్రం మూలమట్టం తప్పి పక్కకి ఒరుగుతుంది. అందుకే వడ్రంగి ఒక మూల నుంచి ఇంకో మూల దాకా ఏటవాలుగా ఒక చెక్క కొడతాడు. అయిదో చెక్క పడగానే చట్రం బిగుస్తుంది. బిందువుల సంఖ్యని రెట్టింపు చేసి అందులోంచి 3 తీసేస్తే ఎన్ని కడ్డీలు కావాలో వస్తుంది: నాలుగు మూలలకి అయిదు. ఈ నియమాన్ని గణితవేత్త హిల్డా పొల్లాచెక్-గైరింగర్ 1927లో రాసింది. ఎవరూ పట్టించుకోలేదు. 1970లో గెరార్డ్ లామన్ మళ్లీ నిరూపించాడు, ఇప్పుడు అతని పేరుతోనే నడుస్తోంది. అందులో ఇంకో షరతు కూడా ఉంది, నాకు ఎక్కువ ఉపయోగపడింది అదే. మొత్తం లెక్క సరిపోతే చాలదు, చట్రంలో ఏ చిన్న భాగం తీసుకున్నా అక్కడ కడ్డీలు ఆ లెక్క మించకూడదు. ఒక చోట రెండు ఏటవాలు చెక్కలు కొట్టి ఇంకో చోట ఒక్కటీ కొట్టకపోతే, మొత్తం సరిగ్గానే ఉంటుంది. ఒక మూల బిగుసుకుపోయి ఉంటుంది, ఇంకో మూల ఊగుతూ ఉంటుంది. స్కెచ్‌లో ఒక పక్క ఎర్రగా, ఇంకో పక్క నీలంగా కనబడి మనల్ని తికమక పెట్టేది అదే. ఎర్రబడిన చోట కన్‌స్ట్రెయింట్ తీసెయ్యడానికి భయపడి, నీలంగా ఉన్నచోట ఇంకో నాలుగు పెడుతూ పోతాం.

ఇలా షరతులు చెప్పి గీసే ఆలోచన మొదలైన చోటు గుర్తు చేసుకుంటే నాకు చాలా గౌరవం కలుగుతుంది. 1963లో ఎంఐటీలో ఇవాన్ సదర్లాండ్ టీఎక్స్-2 కంప్యూటర్ మీద స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్ చేశాడు. తెర మీద లైట్ పెన్‌తో గీయడమే అప్పటికి వింత. అందులో షడ్భుజి గీసే పద్ధతి చూడండి. ముందు ఎలా పడితే అలా ఆరు గీతల బొమ్మ గీయాలి. దాని మూలలన్నీ ఒక వృత్తం మీద ఉండాలని చెప్పాలి. తర్వాత భుజాలన్నీ సమానం అని చెప్పాలి. బొమ్మ తనంతట తాను సర్దుకుని షడ్భుజి అవుతుంది. 60 డిగ్రీలు అని ఎవరూ చెప్పలేదు, ఏ మూల ఎక్కడుందో ఎవరూ లెక్క కట్టలేదు. షడ్భుజి అంటే ఏమిటో చెప్పారు, అంతే. మనం అరవై ఏళ్ల తర్వాత అంతకన్నా లక్షల రెట్లు శక్తిగల యంత్రాల ముందు కూర్చుని, 80లోంచి 47.14 తీసి రెండుతో భాగించి ఒక్కో అంకె టైపు చేస్తున్నాం.

మొన్న ఆ ప్లేటు మళ్లీ గీశాను. ఆరిజిన్‌ని ప్లేటు మూలలో కాక షాఫ్ట్ సెంటర్‌లో పెట్టాను, ఎందుకంటే ఈ ప్లేటు పుట్టింది షాఫ్ట్‌ని ఒక చోట నిలపడానికి. బాస్ హోలు సెంటర్ ఆరిజిన్ మీద. దాని చుట్టూ కన్‌స్ట్రక్షన్ గీతలతో (ప్లేటులో భాగం కాని సాయపు గీతలతో) ఒక చతురస్రం, ఎదురెదురు మూలలు ఆరిజిన్‌కి సిమెట్రిక్, భుజాలు ఈక్వల్, భుజం మీద ఒకే ఒక్క డైమెన్షన్. స్క్రూ హోల్స్ నాలుగూ ఆ చతురస్రం మూలల్లో, నాలుగూ ఈక్వల్. కింది అంచుకీ ఆరిజిన్‌కీ మధ్య ఒక డైమెన్షన్, దాని పేరు షాఫ్ట్ ఎత్తు. కింది రెండు హోల్స్ ఆ అంచు నుంచి 10 మి.మీ. పైన, ఎందుకంటే 20 మి.మీ. ప్రొఫైల్‌లో గాడి మధ్య అక్కడుంటుంది. ఇప్పుడు 31 స్కెచ్‌లో ఉంది, కళ్ల ముందు. దాన్ని 47.14 చేస్తే నాలుగు హోల్సూ ఒకేసారి జరుగుతాయి. షాఫ్ట్ ఎత్తు 45ని 47 చేస్తే బాస్ హోలు, స్క్రూ హోల్స్ కలిసే వెళతాయి. మధ్య హోలు మరిచిపోవడం ఇక్కడ సాధ్యం కాదు. నేను ఎంత నిద్రమత్తులో ఉన్నా సాధ్యం కాదు.

ఇక్కడ కొన్ని పాడు అలవాట్ల గురించి చెప్పి తీరాలి. స్కెచ్ నల్లబడకపోతే ఫిక్స్ కొట్టేసేవాళ్లున్నారు. ఫ్రీక్యాడ్‌లో అదే పని బ్లాక్‌తో చేస్తారు. ఆ గీత ఎందుకు అక్కడుందో చెప్పలేక, అక్కడే కట్టేసి పెడుతున్నారు. అంతకన్నా నాకు కోపం తెప్పించేది అన్నిటికీ ఆటోమేటిక్‌గా కొలతలు వేసే కమాండ్. ఒక్క క్లిక్కుతో పాతిక డైమెన్షన్లు పడతాయి, రంగు మారుతుంది. ఆ పాతిక కొలతల్లో ఒక్కటి కూడా ఆలోచించి పెట్టింది కాదు. తర్వాత ఆ ఫైలు తెరిచేవాడు ఏది ముట్టుకోవచ్చో ఏది ముట్టుకోకూడదో తెలియక, మొత్తం తీసేసి మళ్లీ గీస్తాడు. అలా మళ్లీ గీసిన ఫైళ్లు మా ఫోల్డర్లలో ఎన్నో.

కొలత మార్చగానే బొమ్మ తలకిందులయ్యే జబ్బు కూడా చాలామందిని భయపెడుతుంది. మూడు భుజాల పొడవులూ ఇచ్చిన త్రిభుజం తీసుకోండి. పై మూల పైన ఉండొచ్చు, కింద కూడా ఉండొచ్చు. రెండూ సమీకరణాలకి సరైన జవాబులే. సాల్వర్, అంటే ఆ సమీకరణాలు సాధించే సాఫ్ట్‌వేర్ భాగం, ఇప్పుడున్న చోటు నుంచి మొదలుపెట్టి, అడుగడుగునా సరిచేసుకుంటూ దగ్గర్లో ఉన్న జవాబు పట్టుకుంటుంది. 10 ఉన్నదాన్ని ఒక్కసారి 300 చేస్తే దగ్గర్లో దొరికేది అవతలి జవాబు కావచ్చు. టాంజెంట్‌కీ ఇదే తంతు, వృత్తానికి ఏ పక్కన ఆనుకోవాలో మనం చెప్పలేదు మరి. అందుకే గీసేటప్పుడే ఇంచుమించు అసలు సైజులో గీయాలి, పెద్ద కొలతలు ముందు ఇవ్వాలి, చిన్నవి తర్వాత. ఎవరి సాఫ్ట్‌వేర్ మంచిదన్న వాదన ఇక్కడ పనికిరాదు. సాలిడ్‌వర్క్స్, ఎన్ఎక్స్, సాలిడ్ ఎడ్జ్ మూడింట్లోనూ స్కెచ్ లోపల పనిచేసేది ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో పుట్టిన డీ-క్యూబ్డ్ సాల్వరే.

ఒక స్కెచ్ మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి నిలబడ్డప్పుడు కష్టం ఇంకో రకం. మోడల్‌లో ఒక ఫేస్ (ఉపరితలం) మీద కొత్త స్కెచ్ పెడితే, సాఫ్ట్‌వేర్ ఆ ఫేస్‌ని ఏదో ఒక పేరుతో గుర్తుపెట్టుకోవాలి. ఫ్రీక్యాడ్‌లో ఆ పేరు ఫేస్6 అనో ఎడ్జ్12 అనో వరస నంబరు మాత్రమే ఉండేది. ముందు ఎక్కడో ఒక హోలు కలిపితే వరస మారి, నిన్నటి ఫేస్6 ఇవాళ ఇంకెక్కడో ఉండేది. ఏళ్ల తరబడి వేధించిన ఈ సమస్యని 2024 నవంబర్‌లో వచ్చిన 1.0 వెర్షన్ చాలావరకు సరిచేసింది. ఆ పని చేసినవాళ్లకి దండం పెట్టాలి. అయినా నా అలవాటు మార్చుకోలేదు. వీలైనంతవరకు ప్రతి స్కెచ్‌నీ ఆరిజిన్ ప్లేన్‌కో, నేను పేరుపెట్టిన డేటమ్ ప్లేన్‌కో (ఆధారంగా పెట్టుకున్న తలానికో) కడతాను. అంచుల్ని గుండ్రం చేసే ఫిల్లెట్లు అన్నిటికన్నా చివర వేస్తాను. ఫిల్లెట్ వేయగానే ఆ అంచు మాయమవుతుంది, మాయమైన అంచుకి కట్టిన కొలతని ఏ తెలివైన పేర్ల పద్ధతీ బతికించలేదు.

ఇవన్నీ నేర్పే చోటు ఏది? అమీర్‌పేటలో క్యాడ్ నేర్చుకుని మా దగ్గరికొచ్చే పిల్లలు కష్టపడేవాళ్లు, చేతివేగం ఉన్నవాళ్లు. కొలతలన్నీ ఉన్న డ్రాయింగ్ ఇస్తే ఇరవై నిమిషాల్లో మోడల్ నిలబెడతారు. వాళ్లకి నేర్పిందీ పరీక్ష పెట్టిందీ అదే: డ్రాయింగ్ ఇదిగో, మోడల్ చెయ్. మోడల్ చూసి మార్కులు వేశారు. ఒక్కరు కూడా "ఇప్పుడు ఈ కొలత మార్చి చూపించు" అనలేదు. ఉద్యోగంలో మొదటి నుంచి గీసే పని పదిలో ఒక వంతు ఉంటే ఎక్కువ. మిగతాదంతా ఉన్నదాన్ని మార్చడమే. పరీక్షలో పావుగంట కలపండి, రెండు కొలతలు మార్చమనండి, ఏది విరిగిందో చూడండి. ఆ పావుగంట వల్ల పిల్లలు గీసే తీరే మారిపోతుంది. ఇంటర్వ్యూలు చేసే మాలాంటివాళ్లది కూడా తప్పుంది. ఎంత వేగంగా గీశారనే చూశాం ఇన్నాళ్లూ.

ఒక్కసారి చేసి వదిలేసే భాగానికి ఇంత అవసరమా అని నాతోటివాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బయటినుంచి స్టెప్ ఫైలుగా (కన్‌స్ట్రెయింట్లు లేకుండా ఆకారం మాత్రమే) వచ్చినదాన్ని కొంచెం కత్తిరించాలంటే డైరెక్ట్ మోడలింగ్‌లో లాగి సరిచేస్తే చాలు, నేనూ అదే చేస్తాను. ఐడియా ఇంకా కుదరనప్పుడు స్కెచ్ నీలంగా ఉంటేనే మంచిది, పట్టి లాగుతూ ఆలోచించొచ్చు. స్ప్లైన్ల (స్వేచ్ఛగా వంగే గీతల) ప్రతి బిందువునీ కట్టాలని కూర్చోవడం కూడా దండగే. కానీ 'ఒక్కసారి చేసేది' అని చెప్పి గీసిన భాగాల్లో ఎన్ని రెండోసారి తెరవాల్సి రాలేదో లెక్కపెట్టుకుంటే నా చేతికున్న వేళ్లు చాలు.

ఇప్పుడు ఫైలు బయటికి పంపేముందు దాన్ని ఊపి చూస్తాను. ముఖ్యమైన కొలతలకి కావాలని వింత విలువలు ఇస్తాను. 47.14ని 20 చేస్తాను, 60 చేస్తాను, ఎత్తు రెట్టింపు చేస్తాను. తర్వాత అన్‌డూ. రెండు నిమిషాల పని.

మొన్న కొత్తగా చేరిన అమ్మాయికి ఆ సరిచేసిన ప్లేటే ఇచ్చి, "నెమా 34 పెట్టి చూడమ్మా" అన్నాను. దాని హోల్స్ దూరం 69.6, బాస్ 73. తను రెండు కొలతలూ, స్క్రూ సైజూ మార్చింది. అన్నీ సెంటర్ చుట్టూ సర్దుకున్నాయి, స్కెచ్ నల్లగానే ఉంది. నేను తృప్తిగా చూస్తున్నాను. తను మాత్రం దగ్గరికి జూమ్ చేసి, "సార్, ఇక్కడ రెండు మిల్లీమీటర్లు కూడా లేదు" అంది. నిజమే. వెడల్పు 80 అని నేను అలాగే ఉంచేశాను. స్క్రూ హోలు అంచుకీ ప్లేటు అంచుకీ మధ్య 1.9 మి.మీ. మిగిలింది. హోల్స్ నుంచి అంచు దాకా ఎంత మెటీరియల్ ఉండాలన్నది అసలు విషయం. నేను రాసింది మాత్రం వెడల్పు. ఇంతా చెప్పే నేను మళ్లీ అదే పొరపాటు చేశాను.

తను 80ని తీసేసి, హోలు సెంటర్ నుంచి అంచుకి 16.5 ఇచ్చింది. వెడల్పు దానంతటదే 102.6 అయింది. తర్వాత కిందికి చూసింది. షాఫ్ట్ ఎత్తు 47 దగ్గరే ఉంది కాబట్టి బాస్ హోలు అడుగు, ప్రొఫైల్‌కి బిగించే హోల్స్ ఎత్తుకి దాదాపు దిగిపోయింది. ఆ హోల్స్ నిండా మోటారే కప్పేసింది. ఎత్తు పెంచనా అని నన్నడగబోయి ఆగింది. ఆ 47 బెల్టు నుంచి వచ్చిన కొలత, మనం ఇష్టం వచ్చినట్టు మార్చేది కాదు. దాని పేరు స్కెచ్‌లోనే రాసి ఉంది, తను చదివింది. స్కేలు తీసుకుని, కన్వేయర్ దగ్గర బెల్టు ఎత్తు ఇంకెంత పెంచొచ్చో కనుక్కోవడానికి షాపులోకి వెళ్లింది.